సెల్ఫ్ తీసుకోని పొద్దు

జగ్గయ్యపేట,
ధనుర్మాసం, ఆదివారం.

చిరంజీవి బుజ్జికి మామయ్య దీవించి రాయునది.

పొద్దున్నే కారు సెల్ఫ్ తీసుకోలేదనీ, టకటకమని ఊరుకుందనీ, పక్క అపార్ట్‌మెంటు కుర్రాడు వైర్లు తగిలించి స్టార్ట్ చేసిచ్చాడనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావుగానీ చెవిన పెట్టవు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. మీ బావ ఫొటోలు తీసి పంపుతానన్నాడు. నా దస్తూరి అర్థం కాకపోతే వాణ్ణే అడుగు, వాడికి అలవాటే.

ఆ టకటక సెల్ఫ్ మోటారు జబ్బు కాదు. మోటారు తిరగడానికి కావలసినంత కరెంటు బ్యాటరీ నుంచి రాక, లోపలి స్విచ్చి పట్టుకుంటూ వదిలేస్తూ ఉంటే వచ్చే చప్పుడది. నువ్వేమో చలికి బ్యాటరీ చచ్చిపోయిందన్నావట. నన్నడిగితే అది పోయిన ఆగస్టులోనే సగం పోయింది. డాలస్‌లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటే రోజులు ఎన్నుంటాయో నాకంటే నీకే బాగా తెలుసు. బానెట్ కింద ఇంజను వేడి దానికి తోడు. లోపలి నీళ్లు ఆవిరవుతాయి, సీసం ప్లేట్లు తినుకుపోతాయి. అయినా బండి నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే వేడిలో ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. సగం సత్తువ ఉన్న బ్యాటరీతో కూడా లాగించేయొచ్చు. చలి పడ్డాక రెండు వైపుల నుంచీ దెబ్బ. సున్నా డిగ్రీల దగ్గర మంచి బ్యాటరీ కూడా తన బలంలో మూడో వంతు దాకా పోగొట్టుకుంటుంది. అటు ఇంజనాయిలు చిక్కబడి, తిప్పడానికి మామూలుకంటే ఎక్కువ బలం అడుగుతుంది. సగం పోయినదాంట్లో మూడో వంతు పోతే ఇంకేం మిగిలిందో లెక్కేసుకో. లెక్కలు నీ చదువే కదా.

మన దగ్గర జరిగేదీ ఇదే. ఎండాకాలం వాతావరణ కేంద్రం వాళ్లు చెప్పే వేడి ఊళ్లలో నందిగామ పేరు తరచూ వినపడుతుంది. చలికాలం కోస్తాలో రాత్రి చలి ఎక్కువున్న ఊళ్లు చదివినప్పుడు కూడా మళ్లీ నందిగామే. సముద్రానికి దూరం, చుట్టూ మెట్ట, గుట్టలు. పగలు కాగిందంతా మబ్బు లేని రాత్రి పైకి వదిలేస్తుంది. కార్తీకం దాటి ధనుర్మాసం పడేసరికి నా షెడ్డుకి పొద్దున్నే వచ్చే గిరాకీ అంతా బ్యాటరీలే. పద్నాలుగు, పదిహేను డిగ్రీలకే! "అంత చలెక్కడుందయ్యా, మొన్నటిదాకా బాగానే ఉంది" అంటాడు ప్రతివాడూ. మే నెలలో పేట నుంచి సిమెంటు లోడు లాగినప్పుడు కూడా బాగానే ఉంది మరి.

ఈ సంగతి ఇంత సాగదీయడానికి కారణం ఉంది. నువ్వున్న ఊరు అమెరికాలో ఒక జగ్గయ్యపేట. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. అమెరికా అనగానే మనవాళ్లంతా చలిదేశమనుకుంటారు, అక్కడివాళ్లకి చలితో వేగడం పుట్టుకతో వచ్చేస్తుందనుకుంటారు. మిన్నెసోటా, నార్త్ డకోటా వైపు అది నిజమే. నా స్నేహితుడి కొడుకు ఆ వైపే ఉంటాడు. అక్కడ చాలా బళ్లకి ముందు నుంచి కరెంటు వైరు వేలాడుతుందట. రాత్రి ప్లగ్గులో పెడితే ఇంజను బ్లాకు గోరువెచ్చగా ఉంటుంది. సున్నాకి 30 డిగ్రీలు కిందికి పోయినా పొద్దున ఆఫీసుకి వెళ్తారు, సాయంత్రం ఇంటికొస్తారు, పేపర్లో వార్త కూడా పడదు. ఆ ఊళ్లకి చలి ఏటేటా వచ్చే చుట్టం. దానికి మంచం వేసే ఉంటుంది. డాలస్‌కి అలా కాదు. పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో గట్టి చలి వచ్చినప్పుడు రోడ్లకీ తెలియదు, కరెంటు కంపెనీకీ తెలియదు, బండి నడిపేవాడికి అసలే తెలియదు. చలి ఎన్ని డిగ్రీలన్నది కాదు, ఆ ఊరికి దాని అలవాటు ఎంతన్నది చూడాలి.

2021 ఫిబ్రవరి నాటికి నువ్వింకా ఇక్కడ బీటెక్ చదువుతున్నావు. అప్పుడు చలి దెబ్బకి టెక్సాస్‌లో ఉన్న 254 కౌంటీలన్నిట్లోనూ విపత్తు ప్రకటించారు. 16వ తారీకున డాలస్ విమానాశ్రయం దగ్గర సున్నాకి 19 డిగ్రీలు కిందికి పోయింది. 1949 తర్వాత అంత చలి అక్కడ ఎరగరు. గ్యాసు పైపులు బిగుసుకుపోయి, కరెంటు తయారుచేసే ప్లాంట్లు ఆగిపోయి, 40 లక్షలకి పైగా ఇళ్లు చీకట్లో ఉండిపోయాయి. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో, ప్లేనోలో పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇక్కడ పేటలో, నందిగామలో నిద్రలేకుండా ఫోన్లు పట్టుకు కూర్చున్నారు. అక్కడ ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి దిక్కు లేదు. 246 మంది పోయారని చివరికి ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది.

అందులో కొందరిని చంపింది చలి కాదు, కారు. ఇది ఒళ్లు దగ్గర పెట్టుకుని చదువు. ఇంట్లో హీటరు లేదు కాబట్టి గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి, అందులో కూర్చుని వెచ్చబడదామనుకున్నారు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్ర వచ్చినట్టుంటుంది, అంతే. గ్యారేజీ తలుపు తెరిచే ఉందిలే అనుకోకు. ఇంటికి అంటుకున్న గ్యారేజీ అయితే ఆ గాలి లోపలికీ వెళ్తుంది. ఎంత చలి వేసినా ఇంజను ఆన్‌లో ఉన్న బండి గ్యారేజీలో ఉండకూడదు. బయట మంచులో ఇరుక్కుపోయి హీటరు వేసుకోవలసి వస్తే, ముందు దిగి వెనక సైలెన్సరు గొట్టం మంచుతో మూసుకుపోలేదు కదా అని చూసి, అప్పుడు స్టార్ట్ చెయ్యి. కిటికీ వేలెడంత దించు. పది నిమిషాలు నడిపి ఆపెయ్యి.

అదే నెల 11న, ఆ పెద్ద చలి ఇంకా దిగకముందే, ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్టు మీద తెల్లవారుజామున 133 బళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆరుగురు చనిపోయారు. స్నో లేదు, పెద్ద వాన లేదు, సన్నటి చినుకే. అది ఎత్తుగా కట్టిన దారి మీద పడి అద్దంలా బిగుసుకుంది. రెండు రోజుల ముందే ఉప్పు నీళ్లు చల్లారట కూడా. నేల మీది రోడ్డుకి కింద నుంచి భూమి వేడి కొంత అందుతుంది. వంతెనకి పైనా గాలే, కిందా గాలే. అందుకే ముందు బిగుసుకునేది అదే. మీ ఊళ్లో ఫ్లైఓవర్ల మీద ఫ్లైఓవర్లు కట్టారుగా, ఇది గుర్తుంచుకో. మామూలు రోడ్డు తడిగా ఉంది, బాగానే ఉంది అనుకుంటూ వంతెన ఎక్కినప్పుడు స్టీరింగు కదపకు, బ్రేకు తొక్కకు, యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తియ్యి. ఎక్కకముందే వేగం తగ్గించుకుని ఉంటే ఇవేవీ చెయ్యక్కర్లేదు. అసలు చినుకూ చలీ కలిసి వస్తాయన్న రోజున బయల్దేరకు. కాలేజీకి ఒకపూట పోకపోతే ఏమీ కాదు.

ఇక నీ బండి. సెకండ్ హ్యాండ్‌ది, ఎండ దేశపు బండి. ముందు చూడాల్సింది కూలెంట్. బండి కొన్నావని తెలిసి మీ అమ్మ పెనుగంచిప్రోలు వెళ్లి తిరుపతమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టొచ్చింది. నువ్వు నిమ్మకాయలు తొక్కించకపోయినా తల్లి ఏమీ అనుకోదుగానీ, కూలెంట్ మాత్రం చూసుకో. ఎండ ఊళ్లలో రేడియేటర్‌లో తగ్గితే పైపు నీళ్లు పోసి సరిపెట్టేస్తారు. మనవాళ్లు మరీను, బోరు నీళ్లే పోసేవాళ్లు. మనది సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే పెట్టలేదు ఇక్కడ. ఆ నీళ్ల ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుని, మే నెలలో లారీ ఎక్కడపడితే అక్కడ పొగలు కక్కేది. మన దగ్గర నీళ్లు కాగిపోతాయి, అక్కడైతే గడ్డకడతాయి. నీళ్లు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతాయి. ఇనుమే అయినా ఆ ఉబ్బుకి ఇంజను బ్లాకు పగులుతుంది. అది పగిలిందంటే నీ కారు తూకానికే.

సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే సున్నాకి 37 డిగ్రీలు కిందికి పోయేదాకా భయం లేదు. ఇంకా మంచిదని కూలెంట్ ఒక్కటే నింపకు. నీళ్లు కలపని ఆ మందు సున్నాకి 13 డిగ్రీల కిందే గడ్డకడుతుంది. నమ్మబుద్ధి కాదుగానీ నిజం. మెకానిక్ దగ్గర చిన్న గాజు పిచికారీ లాంటిది ఉంటుంది, దాంతో కొంచెం లాగి ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుందో చెప్పేస్తాడు. అద్దం మీద కొట్టే వైపరు నీళ్లకీ ఇదే మాట. పైపు నీళ్లు పోసి ఉంటే తీయించి, చలికి ఆగే వాషర్ మందు పోయించు.

టైర్ల గాలి మామూలు సంగతే, రెండు ముక్కలు చాలు. సుమారు ఐదున్నర డిగ్రీలు చల్లబడితే ఒక పౌను గాలి తగ్గుతుంది. మీకు ఉత్తరపు గాలి తిరిగిందంటే ఒక్క రోజులో 25 నుంచి సున్నా కిందికి వెళ్తుంది కదా, అంటే పొద్దునకి ఐదు పౌన్లు మాయం. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. పంచరనుకుని కంగారు పడొద్దు. బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, డోరు పక్కన స్టిక్కరు మీద ఎంత రాసుంటే అంత కొట్టించు. జారకుండా ఉంటుందని గాలి తగ్గించే తెలివి మాత్రం వద్దు.

ఆయిలు సంగతి నువ్వు అడగలేదుగానీ, నాకు చెప్పాలని ఉంది. డబ్బా మీద రాసే అంకెల్లో డబ్ల్యూకి ముందున్నది చలికి సంబంధించిన అంకె. మన లారీలకి పోసే 15 డబ్ల్యూ-40 సున్నాకి 20 డిగ్రీల కింది దాకా సెల్ఫ్‌కి లొంగాలని లెక్క. 0 డబ్ల్యూ అయితే 35 కింది దాకా. నీ కారు పుస్తకంలో ఏది రాసుంటే అదే పోయించు. బాగా చిక్కటి ఆయిలైతే ఇంజనుకి బలమని ఎవరో ఒక తెలుగు అన్నయ్య చెబుతాడు, విని ఊరుకో.

మన లారీవాళ్లకి మొదటిసారి చలంటే తెలిసింది ఉత్తరాది లైను ఎక్కాకే. గుంటూరు మిరప వేసుకుని ఢిల్లీ వెళ్లినవాళ్లు, అక్కడ దించి కిరాయి దొరికిందని జమ్మూ వైపు పోయినవాళ్లు తిరిగొచ్చి చెప్పిన కథలు మా షెడ్డులో రాత్రుళ్లు నడిచేవి. డీజిల్లో సహజంగానే మైనం ఉంటుంది. చలి బాగా ముదిరితే అది గడ్డలు కట్టి ఫిల్టరు మూసేస్తుంది. ట్యాంకు నిండా డీజిలుండి కూడా బండి కదలదు. అప్పుడు కిరసనాయిలు కలిపేవాళ్లు, రేడియేటర్‌కి అట్ట అడ్డం పెట్టేవాళ్లు, ట్యాంకు కింద మంట పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. బతికొచ్చారు కాబట్టి చెప్పారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్లు లద్దాఖ్ కోసం ప్రత్యేకంగా చలికాలపు డీజిలు తెచ్చారు, సున్నాకి 33 డిగ్రీలు కిందికి పోయినా పారుతుందట. నీది పెట్రోలు బండి, నీకీ బాధ లేదు. కథ బాగుందని రాశాను.

మీ రూమ్‌మేట్ టెస్లా కొంటానంటోందని విన్నాను. కొనుక్కోనీ. కాకపోతే 2024 జనవరిలో షికాగో చలిలో ఛార్జింగు స్టేషన్ల దగ్గర ఆ బళ్లు వరసకట్టి ఆగిపోయిన సంగతి చెప్పు. ఆ బ్యాటరీ చల్లబడితే ఛార్జింగు సరిగా ఎక్కదు. స్టేషనుకి వెళ్లేముందే దాన్ని వేడి చేసుకునే ఏర్పాటు బండిలోనే ఉంటుంది. దాన్ని వాడటం తెలియనివాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మళ్లీ అదే అలవాటు సంగతి.

వచ్చేవారం సంక్రాంతికి ఇక్కడికి బయల్దేరుతున్నావు కాబట్టి అసలు పని ఇప్పుడు చెబుతాను. మూడు వారాలు బండి కదలకుండా పడుంటుంది. తాళం వేసినా అలారానికీ, గడియారానికీ బ్యాటరీ సన్నగా కారుతూనే ఉంటుంది. బాగా ఛార్జి ఉన్న బ్యాటరీ సున్నాకి 50 డిగ్రీలు కిందికి పోయినా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయింది మాత్రం 10 డిగ్రీలు కిందికి వచ్చేసరికే గడ్డకట్టి డొక్క ఉబ్బుతుంది. కాబట్టి రూమ్‌మేట్‌కి తాళం ఇచ్చి, వారానికి ఒకసారి అరగంట రోడ్డు మీద తిప్పమను. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలుంచి ఆపడం వల్ల ఉపయోగం లేదు, స్టార్ట్ చెయ్యడానికి తీసుకున్నది కూడా తిరిగి ఎక్కదు. అది కుదరకపోతే పది నంబరు స్పానరుతో మైనస్ వైరు విప్పి పక్కకి పెట్టి రా. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి కనపడితే తుడిచి కాస్త వాజిలీన్ రాయి. ట్యాంకు సగం పైనే ఉండనీ. చదునైన చోట పెట్టి పార్కులో వెయ్యి. చక్రాలు తడిగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే అది బిగుసుకుని, వచ్చాక ఊడదు.

తిరిగొచ్చేసరికి బండి లేవకపోతే, ఆ పక్క అపార్ట్‌మెంటు కుర్రాడితో మళ్లీ వైర్లు తగిలించాల్సి వస్తే, వరస నేర్చుకో. ప్లస్‌కి ప్లస్. తర్వాత మంచి బ్యాటరీ మైనస్. నాలుగో క్లిప్పు నీ బ్యాటరీ మీద కాదు, దానికి దూరంగా ఇంజను మీద రంగు లేని ఇనుము ఎక్కడుంటే అక్కడ. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ దాని దగ్గర పడకూడదు. డొక్క ఉబ్బి ఉంటే అసలు ముట్టుకోవద్దు.

మన వైపు దారి మాటా చెప్పి ముగిస్తాను. నీ ఫ్లైటు శంషాబాద్‌లో అర్ధరాత్రి దిగుతుందట. దిగీ దిగగానే కారెక్కి తెల్లారేసరికి నందిగామలో ఉండాలని మీ అమ్మ ప్లాను వేసింది. వద్దు. సంక్రాంతి రద్దీ ఒకటి. పైగా సూర్యాపేట దాటి కోదాడ, గరికపాడు వచ్చేసరికి నాలుగున్నర, ఐదు. పాలేరు మీద నుంచి, పల్లపు పొలాల మీద నుంచి పొగమంచు లేచే వేళ అదే, డ్రైవరుకి కన్ను కూరుకుపోయే వేళా అదే. ముందు బండి వెనక దీపం కూడా కనపడదు. పెద్ద లైటు వేస్తే ఆ వెలుతురు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్ములోనే ఉంచి, ఎడమ పక్క తెల్లగీత పట్టుకుని మెల్లగా పోవాలి. దారి పక్కన దీపాలు లేకుండా ఆగిన లారీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అద్దం లోపలివైపు మసకేస్తే గుడ్డతో తుడవడం కాదు, ఏసీ వెయ్యమను, లోపలి తేమ లాగేస్తుంది. వీటన్నిటికంటే సుఖమైన పని, హైదరాబాదులో పిన్ని వాళ్లింట్లో పడుకుని తెల్లారి ఎనిమిదికి బయల్దేరడం. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గరకి వచ్చేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది, మంచు ఎప్పుడో విడిపోయి ఉంటుంది. మీ అమ్మకి నేను చెబుతాలే, నువ్వు మాట్లాడకు.

బయల్దేరే ముందు బ్యాటరీ మీద అచ్చేసిన తారీకు ఫొటో తీసి మీ బావకి పంపు. ఎండ ఊళ్లలో దాని ఆయుష్షు మూడేళ్లు, ఎక్కువైతే నాలుగు. దాటి ఉంటే కొత్తది వేయించెయ్యి. డబ్బులు మీ అమ్మని అడక్కు, నాకు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: అద్దం మీద మంచు గడ్డకడితే వేడినీళ్లు పొయ్యమని మీ అమ్మ చెబుతుంది. పొయ్యకు, పగులుతుంది. ప్లాస్టిక్ గీకుడు చెక్క ఒకటి కొనుక్కో, అది దొరకకపోతే పాత క్రెడిట్ కార్డు చాలు.